ళ వత్తు

పర్లాకిమిడిలో మా షాపుకి
తెలుగు ఒక సీడీలో వచ్చింది,
బరంపురం బస్టాండు పక్కన, యాభై రూపాయలకి.
పైన స్కెచ్ పెన్నుతో "తెలుగు ఫుల్" అని రాసుంది.
ఫుల్ కాదు.
పెళ్ళి అని కొడితే
ళ కింద వత్తు పడేది కాదు,
డబ్బా పడేది. ఖాళీ డబ్బా.

శుభలేఖల షాపులో పెళ్ళి పడకపోతే ఎలా?
గుప్తేశ్వర పాత్రో మూడు రాత్రులు కూర్చున్నాడు.
కొమ్ముబొమ్మలు చేసే ఇంటివాడు,
దున్నపోతు కొమ్ముని కాచి, వంచి
కొంగ మెడ చేసిన వేళ్ళు
ఆ వత్తునీ అలాగే వంచాయి.
జన్మలో ఒక్కసారి ళ పలికిన మనిషి కాడు.
"పెల్లికార్డులు ఎన్ని కావాల?" అనే మనిషి.

పద్దెనిమిదేళ్ళు నడిచింది ఆ కొంగ మెడ మీద.
ఏటికి ఇవతల ఎన్ని పెళ్ళిళ్ళో,
అన్నిటికీ రెండేసి కొంగలు.

అప్పుడొచ్చింది ఇప్పిలి హిమజ,
కోడింగ్ చదువుతున్న పిల్ల, అక్క పెళ్ళి కార్డుకి.
స్క్రీను చూసింది, కుర్చీ లాక్కుంది.
"మామా, ఇది దొంగసొత్తు.
ఎవరో కూర్చుని గీసిన అక్షరాలు.
వాళ్ళ కూలి ఎవరిచ్చారు?"

"అచ్చరానికి కూలేటే గుంటా?
అమ్మ కాడ నేర్సుకున్నదానికి
రసీదు ఉంటాదేటి?"

ప్రశ్నపత్రం కోసం వచ్చిన పాణిగ్రాహి మాస్టారు
గొడుగు మడిచి మధ్యలో దిగారు.
"భాషకి తాళం వేసినవాడిది కదా తప్పు?"
తాళం అన్నప్పుడు ఆయన నోట
ళ గుండ్రంగా దొర్లింది.
ఒడియావాళ్ళకి అది ఇంటి సరుకు.

"తాళం పగలగొట్టినవాడిది కాదా?"
"ఆకలేసినోడు..."
"అక్షరం అన్నమా?"
"మరేటనుకున్నావు?"

కరెంటు పోయింది. మాటలు పోలేదు.
తండ్రి దినం కార్డుకి వచ్చినాయన
గంటన్నర గోడకి ఆనుకుని విన్నాడు.
"మీ నాయం తేలీలోపల
మా అయ్య పదోరోజు ఎల్లిపోద్ది బాబూ" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు.
అక్షరాలు కొట్టేది నేను.
ఆ సాఫ్ట్‌వేరు నిజంగా కొనాలంటే
నా జీతం రెండు నెలలు, పైన ఒక వారం.
ఈ లెక్క ఎవరి వైపు పడుతుందో
నాకు ఇప్పటికీ తెలీదు.

రోజూ వాదనే. హిమజ కార్డు అచ్చయిపోయింది,
అయినా వస్తూనే ఉంది.
ఓ మధ్యాహ్నం ఏరు దాటి, పాతపట్నం నుంచి
ఒకాయన కార్డు తెచ్చాడు,
"అచ్చం ఇలాగే కావాల" అని.
నేనే ముందు చూశాను.
వత్తు తోక చివర ఆ చిన్న వంపు.

పాత్రో భూతద్దం తీశాడు.
చాలాసేపు తీసినచోటే ఉంచాడు.
"ఇది నాది."
గొంతు మారింది.
"ఎవుడెట్టుకుపోనాడు? పెన్ డ్రైవులో ఏసుకుపోనాడేటి?
ఓ మాట అడగొద్దా?
డబ్బులొద్దు, నా పేరైనా..."

అక్కడ ఆగాడు.
మాస్టారు ఫ్యాను రెక్కలు చూశారు.
హిమజ ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అనుకున్నాను.
అనలేదు.
మౌసు అందుకుని ఫాంటు మీద నొక్కింది,
పద్దెనిమిదేళ్ళలో మేం ఎవ్వరం
తెరవని పేజీ ఒకటి తెరిచింది.
గీసినవారు, అని ఒక వరస.
దాని ఎదురుగా పేరు.
ఏ కాలపు కోడ్‌లోనో కొట్టిన తెలుగు పేరు,
మా మెషీను చదవలేకపోయింది.

ఏడు డబ్బాలు.

పాత్రో వేలు పెట్టి లెక్కపెట్టాడు.
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.
పాతపట్నం ఆయన టైము చూసుకుంటున్నాడు.
"రెండోదాని కింద," అన్నాడు పాత్రో,
"ఏదో వత్తుంటాది."